ఉప్పు సరస్సులో ఎవరూ తప్పిపోలేదు

గొర్రెల పెంపకం నేర్చుకు రమ్మని ప్రభుత్వం ఒక బృందాన్ని ఆస్ట్రేలియా పంపితే, వాళ్ళు గొర్రెల సంగతి తప్ప మిగతావన్నీ నేర్చుకుని, వస్తూ వస్తూ ఒక సినిమా హక్కులు కొనుక్కొచ్చారు. అంత దూరం వెళ్ళి ఉత్తచేతుల్తో వస్తే ఆడిట్ వాళ్ళు ఊరుకోరు. గొర్రెనేమో విమానం ఎక్కనివ్వరు. సినిమా అయితే చేతిసంచీలో పడుతుంది.

అక్కడ వాళ్ళకి మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ సినిమా వేసి చూపించారట. బృందం బృందమంతా హాయిగా నిద్రపోయిందట. లేచాక, "ఇంతటి ప్రశాంతమైన కళాఖండాన్ని మన ప్రజానీకానికి అందించకపోవుట క్షమార్హం కాదు" అని అక్కడికక్కడే తీర్మానం చేశారు. ఆ తీర్మానం కడుపున పుట్టిందే రాష్ట్ర గృహ వినోద మండలి. దాని పథకం పేరు 'ఇంటింటా విశ్వచిత్రం'. లోకంలో ఉన్న గొప్ప సినిమాలన్నిటినీ తెలుగులో మాట్లాడించి, డిస్కులు కొట్టించి, రేషన్ షాపుల్లో బియ్యంతో పాటు ఇవ్వడం. డిస్కు ఆడించే మిషన్లు జనం పాతసామానుకి వేసేసి చాలా కాలమైంది కదండీ అని నేనడిగితే, మిషన్లు రెండో దశలో ఇస్తామన్నారు.

మాట్లాడించే పని మా స్టూడియోకి వచ్చింది. స్టూడియో అంటే మరీ పెద్ద మాటేమో. యూసఫ్‌గూడలో ఒక కర్రీ పాయింట్ మీద రెండు గదులు. ఒక గదిలో మైకు, ఇంకో గదిలో నేను. గోడలకి కోడిగుడ్ల అట్టలు. కింద కొట్టు మల్లేశం తాలింపు వేసినప్పుడల్లా తెర మీది మొసలి కూడా దగ్గుతుంది కాబట్టి రికార్డింగ్ ఆపుకోవాలి. మాటలు రాసేదీ నేనే, పట్టేదీ నేనే. చదువు తొమ్మిదితో ఆగింది. అందుకే నాకు రాని భాష తెలుగులోకి చాలా సులువుగా వచ్చేస్తుంది.

సినిమా సంగతి చెప్తాను. బాగా పాతది. ఆస్ట్రేలియాలో ఓ మారుమూల ఊరు. టెలిఫోన్ ఆఫీసులో పనిచేసే ముగ్గురమ్మాయిలు, డోరా, క్లారా, విన్నీ, సెలవురోజున గుర్రబ్బండి కట్టుకుని ఎండిపోయిన ఉప్పు సరస్సు చూడ్డానికి వెళ్తారు. కనుచూపుమేర తెల్లగా ఉప్పు. గాలి. దూరంగా ఎండమావి. ముగ్గురూ చెప్పులు విప్పేసి ఆ తెలుపులోకి నడుచుకుంటూ పోతారు. సాయంత్రానికి గుర్రం ఖాళీ బండిని లాక్కుంటూ ఊళ్ళోకి వస్తుంది. ఊరంతా లాంతర్లు పట్టుకుని వెతుకుతుంది. దొరకరు. ఏమయ్యారో సినిమా చెప్పదు. ఆ పిల్లలుండే హాస్టల్ నడిపే ముసలావిడ సరస్సు ఒడ్డున నిలబడి ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలుస్తుంది. ఎవరూ పలకరు. అయిపోయింది. ఇంటికి పొండి అంటుంది సినిమా.

ముసలావిడ గొంతుకి నేను వకుళని పిలిచాను. వకుళది జనగామ వైపు. యాభై దాటాయి. అత్తలకీ, రాకాసులకీ, పలకా బలపం పట్టుకున్న పిల్లలకీ, ఒకసారి ఈనుతున్న ఆడసింహానికీ గొంతు ఇచ్చిన మనిషి. ఆవిడ చెల్లెలు కుసుమ కోఠిలో చీరల దుకాణంలో పనిచేసేది. ఒకరోజు పొద్దున్న టిఫిన్ డబ్బా పట్టుకుని బయల్దేరింది. దుకాణానికి చేరలేదు, ఇంటికీ రాలేదు. ఏళ్ళు గడిచాయి. వకుళ ఇప్పటికీ ప్రతి నెలా పోలీస్ స్టేషన్‌కి వెళ్తుంది. చెల్లెలు దొరికిందా అని అడగడానికి కాదు, ఆ దశ దాటిపోయింది. ఫైలు మూసేయలేదు కదా అని చూసుకోవడానికి.

"ఫైలు తెరిచి ఉన్నన్ని రోజులు ఎవలో ఒకలు దాన్ని ఎతకాలె గద పైడయ్యన్నా. ఎతకకున్నా, ఎతకాలని రాసి ఉంటది గద. మూసిన్రంటే ఇగ నేనొక్కదాన్నే" అనేది.

ఆ రోజు మైకు ముందు నిలబడి వకుళ పిలిచింది. "డోరా..." ఆగింది. "క్లారా... విన్నీ..." అరుపు కాదు, ఏడుపు కాదు. వంటింట్లోంచి వాకిట్లో ఉన్నవాళ్ళని పిలిచినట్టు పిలిచింది. వాకిలి మాత్రం చాలా పెద్దది. కింద నుంచి మల్లేశం గరిటె పట్టుకునే పైకొచ్చాడు. "ఎవలో పిలుస్తున్నరన్నా, ఏమన్నయ్యిందా?" అన్నాడు. డబ్బింగు కుదిరిందనడానికి ఇంతకన్నా పెద్ద సర్టిఫికెట్ నేను ఎరగను.

కుదిరిన పనిని ప్రభుత్వం అలా వదిలేస్తుందా.

మండలికి ప్రత్యేకాధికారి శ్రీ భుజంగరావు గారు. మన దగ్గర అధికారి అంటే ఒక సొంత కుర్చీ, నాలుగు అదనపు కుర్చీలూనూ. భుజంగరావు గారి అదనపు కుర్చీల్లో ఒకటి 'తప్పిపోయిన వ్యక్తుల పెండింగు ఫైళ్ళ శీఘ్ర పరిష్కార విభాగం'. అందులో పరిష్కారం సంగతి నాకు తెలీదు గాని శీఘ్రం మటుకు ఇంకా మొదలవలేదని అప్పటికి చెప్పుకునేవారు.

నమూనా డిస్కు ఆయన ఇంటికి తీసుకెళ్ళి భార్య రాజ్యలక్ష్మి గారితో కూర్చుని చూశారు. మర్నాడు పొద్దున్నే స్టూడియోకి వచ్చేశారు. కళ్ళ కింద సంచులు.

"ఏమయ్యా, ఆ ముగ్గురూ ఎక్కడికి పోయారు?"

"సినిమాలో చెప్పలేదండి."

"చెప్పలేదని నాకూ తెలుసు. మా ఆవిడ సినిమా అయిన దగ్గర్నుంచీ అదే ప్రశ్న. నాకు తెలీదంటే, 'ఇంత పెద్ద ఆఫీసరై ఉండీ ముగ్గురాడపిల్లలు ఏమయ్యారో తెలుసుకోలేరా' అంది. కంచంలో పెరుగు వెయ్యలేదు. ఇది ఒక్క గృహంలో ఉత్పన్నమైన పరిస్థితి. దీన్ని రాష్ట్రవ్యాప్తంగా విస్తరిస్తే?"

నేను విస్తరించి చూశాను. రాష్ట్రమంతా పెరుగు లేకుండా లేచిపోతున్న మగవాళ్ళు కనబడ్డారు.

"థియేటర్ వేరు," అన్నారాయన. "అక్కడ ప్రేక్షకుడు బయటికొచ్చి, టీ తాగుతూ పక్కవాణ్ణి అడిగి సందేహ నివృత్తి చేసుకుంటాడు. గృహంలో ఆ వెసులుబాటు లేదు. కావున గృహ ప్రదర్శనకు విడుదలయ్యే ఏ చిత్రంలోనూ ముగింపు నాటికి పరిష్కృతం కాని అంశం ఏదీ మిగిలి ఉండరాదని రాత్రే నిబంధన రూపొందించాను. నువ్వు దీనికో పరిష్కారం రాయి."

"మరి బొమ్మంతా అలాగే ఉంటుంది కదండి?"

"బొమ్మ ఆస్ట్రేలియాది. మాట మనది. మాట మన చేతిలో ఉన్నంతకాలం బొమ్మ ఏం చేస్తుందయ్యా?"

ఇది వట్టి సినిమా మాటేననుకుని నేను తలూపాను.

పరిష్కారం రాయడం ఎంతసేపు. సరస్సులో ఉప్పుపెంకు విరిగి బురదలో కూరుకుపోయారని రాసిచ్చాను. భుజంగరావు గారు దాన్ని సంబంధిత శాఖల అభిప్రాయ సేకరణ నిమిత్తం ఒక సమావేశంలో పెట్టారు. నన్ను గోడవార స్టూలు మీద కూర్చోబెట్టారు. జీడిపప్పు నా దాకా రాలేదు.

పర్యాటక శాఖాయన కాగితం చూడగానే కళ్ళజోడు తీసేశాడు. "జలాశయాలు ప్రమాదకరమనే సందేశం వెళ్తుంది. బోటు షికార్ల టెండర్లు పిలిచి ఉన్నాం."

"పోనీ ఎవరో ఎత్తుకెళ్ళారందామా?" అన్నాను.

పోలీసు శాఖాయన నవ్వాడు. అది మంచి నవ్వు కాదు. "శాంతిభద్రతలు సంపూర్ణంగా అదుపులో ఉన్నాయి."

"ఇది ఆస్ట్రేలియాలో కదండి."

"ఎక్కడైనా అదుపులోనే ఉంటాయి."

ఎండదెబ్బ అన్నాను. ఈ ఏడాది వడదెబ్బ మరణాలేవీ నమోదు కాలేదని వైద్యశాఖావిడ గట్టిగా చెప్పింది. నిరుడూ కాలేదట. వచ్చే ఏడాది కూడా కావని అప్పుడే నివేదిక తయారుగా ఉందట. ఏదైనా జంతువు అన్నాను. అటవీశాఖాయన, కంగారూ మనిషిని తినదని, తినాల్సి వస్తే ముందు తమ అనుమతి తీసుకోవాలని అన్నాడు. వాళ్ళంతట వాళ్ళే విసుగెత్తి వెళ్ళిపోయారంటే స్త్రీ సంక్షేమం వాళ్ళు ఒప్పుకోలేదు. హాస్టల్లో సౌకర్యాలు చాలవన్న అపోహ కలుగుతుందట. ఇంక తోచక, దేవుడు తీసుకుపోయాడండీ అన్నాను. దేవాదాయ శాఖాయన అప్పటిదాకా కునుకు తీస్తున్నవాడు చటుక్కున లేచి, "ఏ దేవుడు? ఆ సరస్సు ఏ ఆలయం పరిధిలోకి వస్తుంది?" అన్నాడు.

భుజంగరావు గారు చాలాసేపు బల్ల మీద వేలితో కొడుతూ ఆలోచించారు. తర్వాత ఆయన మొహం వెలిగింది. పెద్ద అధికారి మొహం వెలిగితే కింద ఎవడి ఇల్లో చీకటైపోతుందని మా అయ్య అనేవాడు.

"చూడండి. కారణం ఉంటే ఒక శాఖ ఉంటుంది. శాఖ ఉంటే అభ్యంతరం ఉంటుంది. కావున కారణం ఉండరాదు. కారణం ఉండరాదంటే సంఘటన ఉండరాదు. మనం ఇంతసేపూ వాళ్ళు ఎలా తప్పిపోయారని చర్చిస్తున్నాం. అసలు తప్పిపోయారని మనకెవరు చెప్పారు?"

అన్ని శాఖలూ చప్పట్లు కొట్టాయి. అన్ని శాఖలూ ఒక్కమాట మీదికి రావడం ఆ భవనం చరిత్రలో అదే మొదలని టీ తెచ్చిన అటెండరు నాతో అన్నాడు.

అలా మొదలైంది మా పని. ముగ్గురూ ఉప్పులోకి నడిచి వెళ్ళే బొమ్మని తిరగేసి కలిపితే ఉప్పులోంచి తిరిగొస్తున్నట్టు ఉంటుందన్నారు. కలిపాను. తిరిగొచ్చారు గాని వెనక్కి నడుస్తూ వచ్చారు.

"వీపు చూపిస్తూ వస్తున్నారేంటండీ?"

"గాలికి ఉప్పు కళ్ళల్లో పడకుండా అని ఒక మాట పెట్టు."

పెట్టాను. ఆ బొమ్మలో దూరంగా నాలుగు గొర్రెలు కూడా వెనక్కే నడుస్తున్నాయి. బృందంలో ఆస్ట్రేలియా వెళ్ళొచ్చినాయన ఒకరు పక్కనే ఉన్నారు. అక్కడి గొర్రెలు అలాగే నడుస్తాయని ధ్రువీకరించారు. ప్రయాణం ఖర్చు మొత్తానికి అదొక్కటీ గిట్టుబాటు. ఊరంతా లాంతర్లు పట్టుకుని వెతికే సీను, పిల్లలు క్షేమంగా వచ్చినందుకు ఊరేగింపుగా మారింది. ఖాళీ బండి వచ్చే చోట, 'మేం నడిచే వస్తాం, ఒంటికి మంచిది' అని ఎక్కడో చాటునుంచి విన్నీ చేత అనిపించాం. ఆరోగ్య సందేశం చేర్చినందుకు వైద్యశాఖావిడ ప్రత్యేకంగా అభినందించింది.

చివరికి ముసలావిడ మిగిలింది. సరస్సు ఒడ్డున ఒక్కతీ నిలబడి పిలుస్తోంది. చెంపల మీద నీళ్ళు.

"ఏడుస్తోంది కదండీ మరి," అన్నాను.

"ఉల్లిపాయలు తరిగి వచ్చిందని ముందు ఒక మాట పెట్టు. పిలుపు మార్చు. భోజనానికి పిలుస్తోంది. 'రండర్రా, అన్నం చల్లారిపోతోంది.' ఎంత గృహవాతావరణం!"

వకుళ కాగితం చదివి నా వైపు చూసింది. తర్వాత భుజంగరావు గారి వైపు చూసింది.

"నేను చెప్ప సార్."

"ఎందుకమ్మా?"

"ఆమె ఎవలూ రారని తెలిసి పిలుస్తున్నది. ఆ మొహం చూడున్రి. ఆ మొహానికి అన్నం మాట నాకు రాదు."

"వకుళ గారూ," అన్నారాయన మెత్తగా. ఆయన మెత్తబడితే నాకు చెమట్లు పడతాయి. "మీ సోదరి ఫైలు నా అదనపు బాధ్యతల పరిధిలోకే వస్తుందని ఈమధ్యే దృష్టికి వచ్చింది. పాత ఫైళ్ళు మూసేయమని ఒత్తిడి ఉంది. నేనే సానుభూతితో తెరిచి ఉంచాను."

వకుళ నోట్లో ఉన్న లవంగం తీసి కొంగు చివర ముడేసుకుని మైకు ముందుకెళ్ళింది. "రండర్రా, అన్నం చల్లారిపోతోంది" అంది. బాగా అంది. పదిమందికి వడ్డించే మనిషిలాగే అంది. నేను రెండోసారి చెప్పమనలేదు.

సినిమాకి 'వెళ్ళొచ్చారు' అని పేరు పెట్టారు. పెద్ద హాల్లో విడుదల సభ. ఆస్ట్రేలియా మిస్టరీలో ఉన్న లోపాన్ని మనవాళ్ళు సరిదిద్దారని ఒక వక్త, ఉత్కంఠ ఏ కోశానా లేకుండా మిస్టరీ తీయడం ప్రపంచంలో ఇదే ప్రథమమని ఇంకో వక్త. వకుళకి శాలువా కప్పారు. భుజంగరావు గారు తన విజిటింగ్ కార్డు చేతికిచ్చి, "ఏ అవసరం వచ్చినా మొహమాటపడకుండా మా ఇంటికి రండి, మీ ఇల్లే అనుకోండి" అన్నారు. డిస్కులు రేషన్ షాపులకి చేరాయి. ఒక్క ఇంటినుంచి కూడా ఫిర్యాదు రాలేదు. ఎలా వస్తుంది, మిషన్లు రెండో దశలో కదా.

ఫిర్యాదు రాని పథకం అంటే ప్రభుత్వానికి ప్రాణం. ఈ పద్ధతి ఇంకెక్కడెక్కడ వాడొచ్చో ఆలోచించమని పైనుంచి ఆదేశం. భుజంగరావు గారికి ఆలోచన అక్కర్లేదు, అదనపు కుర్చీ ఉంది. ఆ నెల వకుళ స్టేషన్‌కి వెళ్ళొచ్చి నా గదిలో కూలబడింది.

"యాదగిరి లేడా అన్నా, హెడ్ కానిస్టేబుల్? నన్ను సూడంగనే లేచి నిలబడ్డడు. 'నీ చెల్లె దొరికిందమ్మా' అన్నడు. 'యాడ?' అన్న. 'ఫైల్ల' అన్నడు."

"అంటే?"

"ఇంతకుముందు దొరకలేదని రాసి మూసెటోళ్ళట. గిప్పుడు అసలు పోనేలేదని రాస్తున్నరట. పోలేదంటే ఇగ ఎతుకుడు ఎందుకు? ఒక్కటే మిగిలిందట, వాయిస్. ఆమె గొంతుతోని తానే చెప్పాలెనట, నేను మంచిగున్న అని." నా మొహం కూడా చూడకుండా అడిగింది. "ఏ గొంతు అన్నా? ఎవలు చెప్తరు?"

ఎవరు చెప్తారో రెండ్రోజుల్లో తెలిసింది. భుజంగరావు గారు సంచీతో వచ్చారు. సంచీ నిండా ఫైళ్ళు. అన్నీ ఆడవాళ్ళవే. మగవాళ్ళ గొంతులకి వేరే స్టూడియో చూశారట.

"స్వర వాంగ్మూలం," అన్నారు. "పాఠం ఒకటే. 'నేను ఫలానా. నేను ఎక్కడికీ వెళ్ళలేదు. ఫలానా చిరునామాలో క్షేమంగా ఉన్నాను.' ముసలావిణ్ణి అంత సహజంగా పలికిన మీకు ఇదో లెక్కా వకుళ గారూ? ఈ వారాంతానికి నివేదిక వెళ్ళాలి. నూటికి నూరు శాతం పరిష్కారం. అవార్డుకి నా పేరు పరిశీలనలో ఉంది. చెప్పకూడదు గాని చెప్తున్నాను."

వకుళ ఫైళ్ళు ఒక్కొక్కటే తిరగేసింది. కుసుమది అడుగున ఉంది. దాన్ని అలాగే పట్టుకుని కూర్చుంది. నేను మైకు ఆపేద్దామనుకున్నాను. ఆవిడ నన్ను చూసి తల అడ్డంగా ఊపింది.

"సార్, పత్తా ఏం చెప్పాలె? ఫైళ్ళల్ల ఖాళీ ఉన్నది."

"అదంతా మీ ఇష్టం. గౌరవప్రదమైన చిరునామా ఏదైనా చెప్పండి. మురికివాడలూ అవీ మటుకు వద్దు, ప్రభుత్వానికి చెడ్డపేరు."

"గౌరవమైన ఇల్లు ఏదైనా ఫరవాలేదు?"

"ఏదైనా ఫరవాలేదమ్మా. నాకు మీటింగు ఉంది. వచ్చేసరికి పూర్తి చెయ్యండి." వెళ్ళిపోయారు.

పేపర్లో వచ్చిన విల్లాల ప్రకటన ముందేసుకుని, వకుళ మిగతా ఆడవాళ్ళందరికీ ఒక్కో విల్లా ఇచ్చింది. బతికుండగా వాళ్ళెవరూ అలాంటి ఇంటి గేటు కూడా దాటి ఉండరు. బతికే ఉన్నారేమో లెండి, నాకేం తెలుసు. ఆఖర్న కుసుమ. తన చేతిసంచీలోంచి ఆ విజిటింగ్ కార్డు తీసింది. నేను రెండు గదుల మధ్య అద్దంలోంచి చూస్తున్నాను. ఎప్పుడూ వినని గొంతు వచ్చింది. కొంచెం సన్నం, కొంచెం తొందర, మాట చివర నవ్వు ఆపుకుంటున్నట్టు.

"నేను కుసుమను. నేను యాడికీ పోలె. అధికారుల కాలనీల భుజంగరావు సార్ ఇంట్ల ఉన్న. సార్ మంచిగ చూసుకుంటున్నరు. అక్కా, నువ్వు రంది పెట్టుకోకు."

నా చెయ్యి బటను మీదే ఉంది. చెరిపేస్తే చెరిపేయొచ్చు. చెరపలేదు. తాలింపు పొగేదో కళ్ళల్లోకి వచ్చింది. ఆ రోజు మల్లేశం కొట్టు తెరవలేదు గాని, వచ్చింది.

భుజంగరావు గారు మీటింగు నుంచి వచ్చి, ప్రతి డిస్కు కవరు మీదా 'స్వయంగా విని ధ్రువీకరించడమైనది' అని సంతకాలు పెట్టుకుంటూ పోయారు. ఒక్కటీ వినలేదు. వింటే అధికారి ఎందుకవుతాడు.

నిబంధన ప్రకారం రక్తసంబంధీకులకి ధ్రువీకృత ప్రతి ఒకటి ఇస్తారు. స్టేషన్లో యాదగిరి వకుళకి ఇచ్చాడు, సీలు వేసి మరీ. ఆదివారం పొద్దున్నే ఆవిడ సర్వపిండి చేసి డబ్బాలో పెట్టుకుంది. నేను తోడు వెళ్ళాను. డిస్కులోని గొంతు నా ఫోన్లో కూడా ఎక్కించి పెట్టుకున్నాను. దేశంలో మిషన్ల పరిస్థితి తెలిసినవాణ్ణి కదా.

తలుపు రాజ్యలక్ష్మి గారు తీశారు. పూజ మధ్యలో లేచొచ్చినట్టున్నారు, చేతిలో గంట.

"నమస్తే అమ్మా. మా చెల్లె కుసుమను జర పిలుస్తరా? చానా రోజులైంది చూసి."

"కుసుమెవరు? మా ఇంట్లో అలాంటివాళ్ళెవరూ లేరే."

"ఉన్నదమ్మా. సార్ మంచిగ చూసుకుంటున్నరట."

గంట ఒక్కసారి మోగి ఆగింది. వకుళ కవరు చూపించింది, నేను ఫోను వినిపించాను. రాజ్యలక్ష్మి గారు మొదటినుంచి చివరిదాకా విన్నారు. సంతకం చూశారు. లోపలికి తిరిగి, చాలా నెమ్మదిగా, "ఏవండీ," అన్నారు. "ఓసారిలా రండి. మీరు మంచిగా చూసుకుంటున్నావిడ కోసం వచ్చారు."

భుజంగరావు గారు పేపరు చేత్తోనే వచ్చారు. రెండోసారి వినిపించాల్సి వచ్చింది.

"ఇది... ఇది కేవలం సాంకేతిక స్వభావం గల..."

"స్వయంగా విన్నారటగా," అన్నారు రాజ్యలక్ష్మి గారు. "నేను సినిమాలో ముగ్గురు ఏమయ్యారని అడిగితే తెలీదన్నారు. నాలుగోదాన్ని ఇంట్లోనే పెట్టుకున్నారన్నమాట."

"రాజ్యం, దేవుడి మీద ఒట్టు. అంతా కట్టుకథ!"

"కట్టుకథనా సార్?" వకుళ డబ్బా కింద పెట్టింది. "అయితే అదే ముక్క రాసియ్యున్రి. కుసుమ నా ఇంట్ల లేదు, గొంతు ఆమెది కాదు, నేను వినకుండ సంతకం పెట్టిన అని. ఫైలు మళ్ళ తెరుస్తరు. నాకు అంతే కావాలె."

ఒక్క ఫైలు తెరిస్తే మిగతావన్నీ తెరుచుకుంటాయి. నూటికి నూరు పోతుంది, అవార్డు పోతుంది, కుర్చీలు అయిదూ పోతాయి. ఉందంటే భార్య. లేదంటే ప్రభుత్వం. ఆ వరండాలో ఆయన్ని చూస్తుంటే, ఏ శాఖ అభ్యంతరమూ లేని పరిష్కారం కోసం మనిషి ఎంత వెతుక్కుంటాడో తెలిసింది.

"నివేదిక సమర్పించు నాటికి," అన్నారు చివరికి, గోడకేసి చూస్తూ, "సదరు మహిళ ఈ చిరునామాలో ఉండెను. తదనంతరం..."

"తదనంతరం?" అన్నారు రాజ్యలక్ష్మి గారు.

"తదనంతరం కనబడుట లేదు."

"అయితే నడవండి స్టేషన్‌కి," అని రాజ్యలక్ష్మి గారు చెప్పులేసుకున్నారు. "నేనూ వస్తాను. ఏ చీరలో వెళ్ళిందో విని రావాలి."

స్టేషన్లో అంత పెద్ద ఆఫీసర్ని చూసి ఎస్సై టోపీ వెతుక్కుంటున్నాడు. ఈలోగా రాయడానికి కూర్చున్న యాదగిరి అలవాటు చొప్పున మొదలెట్టేశాడు. "ఇంట్ల ఏమన్న లొల్లి అయ్యిందా సార్? ఎవలితోనన్న మాట్లాడుతుండెనా ఫోన్ల? రెండ్రోజులు సూడున్రి, అదే వస్తది. సుట్టాలింట్ల ఎతికిన్రా?"

"యాదగిరీ!" అని అరిచాడు ఎస్సై. "సార్ ఇంట్లోంచి మనిషి పోయిందయ్యా! రాయి. మళ్ళీ మొదట్నుంచి రాయి. వెనక పెట్రోలింగు బండి తియ్యమను. కోఠి, బస్టాండు, రైల్వే స్టేషన్లు, హాస్టళ్ళు, ఆసుపత్రులు, అన్నీ. జాగిలాల్ని కూడా పిలవండి." తర్వాత గొంతు తగ్గించి, "సార్, ఆనవాళ్ళు?"

భుజంగరావు గారు వకుళ వైపు చూశారు. రాజ్యలక్ష్మి గారు ఆయన వైపు చూశారు.

వకుళ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ స్టేషన్లో ఆవిడ కూర్చోవడం నేను చూడ్డం అదే మొదలు.

"ఎత్తు నా భుజం దాక ఉంటది. చామనఛాయ. ఎడమ కనుబొమ్మ నడుమ తెగిన మచ్చ, చిన్నప్పుడు రుబ్బురోలు మీద పడ్డది. నడిస్తే కుడికాలు జర లోపలికి పడుతది. పిలిస్తే ఎంటనే పలకదు, రెండోపారి పిలవాలె."

యాదగిరి తలెత్తకుండా రాస్తున్నాడు. ఇన్నేళ్ళలో ఆవిడ చెప్పింది చెప్పినట్టు అతను రాయడం కూడా అదే మొదలు. పేజీ తిప్పాడు.

"ఇంకేమన్న ఉన్నదా అమ్మా?"

బయట బండి స్టార్టయింది. వకుళ కిటికీలోంచి అటు చూసింది.

"దానికి కుక్కలంటే భయం," అంది. "కనబడంగనే దగ్గరికి ఇడువొద్దని చెప్పున్రి."

యాదగిరి అది కూడా రాసుకున్నాడు.